జంబయ్య దొర అతిథులు

ఏటికి ఇవతలి గట్టున కనుచూపు మేరంతా చెరకు పెరిగే నేల ఒకటుండేది. దాన్ని తీపిసీమ అనేవారు. అక్కడ నక్కలు దొరలు. ఇరవై నాలుగు నక్క కుటుంబాలు, ఇరవై నాలుగు మేడలు, మేడకో గానుగ. ఏ నక్కనడిగినా ఒకటే మాట చెప్పేది: "ఇదంతా మా తాతలు చెమటోడ్చి సంపాదించిందండీ."

నక్కకి చెమట పట్టదు. కానీ ఆ సంగతి ఎత్తే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

చెమటోడ్చింది ఎద్దులు, ఆవులు. ఎప్పుడో ఒక కరువు ఏట కొండల మీద గడ్డి ఎండిపోతే, నక్కల తాతలు ఎదురెళ్ళి మరీ పిలిచారు. "రండి, కిందకి రండి. ఏరుంది, పచ్చగడ్డి ఉంది. వానలు పడ్డాక వెళ్దురుగాని" అన్నారు. వానలు పడ్డాయి. మంద వెనక్కి తిరిగేసరికి దారికి అడ్డంగా ఇనప చువ్వల గేటు లేచి ఉంది. గేటు దగ్గర కుక్కలున్నాయి. అది జరిగి నూట పాతికేళ్ళు. ఆ తర్వాత పుట్టిన ప్రతి దూడా మెడ మీద కాడితోనే పెద్దదైంది.

ఎద్దులు దున్నేవి, నాటేవి, నరికిన చెరకు మోసేవి, గానుగ తిప్పేవి. ఆవులు పెనం దగ్గర నిలబడి రసం కాచేవి. పాకం కుదిరిన క్షణం ఆవు ముక్కుకే తెలుస్తుంది. ఒక్క ఊపిరి ముందు దించితే బెల్లం గడ్డకట్టదు, ఒక్క ఊపిరి ఆలస్యమైతే మాడుతుంది. నక్కలు చేసే పని ఒక్కటే. బెల్లం దిమ్మ ఆరాక దాని మీద తమ ఇంటిపేరున్న అచ్చు నొక్కడం. అది నొక్కేసి "అబ్బ, నడుం పట్టేసింది" అని మంచమెక్కేవి.

ఇదంతా ధర్మమేనని చెప్పడానికి ఒక కొంగ ఉండేవాడు. బకాచార్యులుగారు. వారానికోసారి చెరువు గట్టున ఒంటికాలి మీద నిలబడి ప్రవచనం చెప్పేవాడు.

"ఎద్దు మూపురం చూశారా? ఎందుకిచ్చాడు భగవంతుడు? కాడి జారిపోకుండా! నక్కకి మూపురం ఇచ్చాడా? ఇవ్వలేదు. అంటే ఏమిటి? పని అనేది ఎద్దు జాతికి పుట్టుకతో వచ్చిన గుణం. పని చేసేవాడెవడైనా సరే, వాడిలో ఎద్దు గుణం ఉన్నట్టే."

నక్కలు తలలూపేవి. కొంగకి ఆ పూట చేపలు వెళ్ళేవి.

కుక్కల సంగతి ఇంకా విచిత్రం. వాటి నాయకుడు గండయ్య. పగలూ రాత్రీ గేటు దగ్గర కాపలా, ఎవరైనా ఎద్దు పారిపోతే వెంటాడి తీసుకురావడం. దానికి జీతం లేదు, నక్కలు తిని పారేసిన ఎముకలే. గండయ్య పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ఒకసారి ఊరిబయట ఉండే వీరన్న అనే గాడిద వచ్చి, "దొరగారూ, కూలి ఇప్పిస్తే చెరకు మోస్తాను" అని అడిగాడు.

"కూలా? ఊరికే మోసే ఎద్దులుండగా నీకు కూలెందుకిస్తారోయ్?" అని నవ్వాడు పెద్ద దొర జంబయ్య.

వీరన్న తిరిగి వెళ్తూ గేటు దగ్గర గండయ్యతో అన్నాడు: "అన్నా, ఈ ఎద్దులకి కూలి లేనంత కాలం నీకూ నాకూ కూడా కూలి ఉండదు. ఆలోచించావా?"

"ఏం మాట్లాడుతున్నావు? నేను ఎద్దునా?" అని గండయ్య గుర్రుమన్నాడు. కడుపులో ఏమీ లేకపోయినా ఆ ఒక్క మాట అనుకుంటే అతనికి తిన్నట్టే ఉండేది.

జంబయ్య దొర పెనం దగ్గర ఎర్రమ్మ అనే ఆవు పనిచేసేది. సీమ మొత్తంలో పాకం వాసన పట్టడంలో ఆమెను మించినవారు లేరు. దొర మాత్రం "ఏమే ఎర్రీ" అనే పిలిచేవాడు. ఎర్రమ్మకి ముగ్గురు పిల్లలు పుట్టారు. మొదటిది పాలు మరవకముందే ఎవరో దొర అల్లుడికి కానుకగా వెళ్ళింది. రెండోది ఏటి అవతలికి వెళ్ళింది. మూడోది చుక్క. నుదుట తెల్ల మచ్చ ఉన్న పెయ్యదూడ.

ఎర్రమ్మకి ఇంకో విద్య కూడా ఉంది. దాని సంగతి ఎవరికీ తెలియదు. పశువుకి అక్షరం నేర్పితే తోక కోయాలని సీమలో చట్టం. ఎర్రమ్మకి ఎవరూ నేర్పలేదు. రోజూ బెల్లం అచ్చులు కడిగేది ఆమే. ఇరవై నాలుగు ఇళ్ళ అచ్చులు. నక్కలు అచ్చు నొక్కేటప్పుడు గొప్పగా ఇంటిపేరు పైకి చదివేవి. "జంబ" అన్నప్పుడు ఏ గీతలున్నాయి, "గుంట" అన్నప్పుడు ఏ గీతలున్నాయి అని నాలుకతో అచ్చు నాకి నాకి పోల్చుకుంది. ఆరేళ్ళు పట్టింది. ఆఖరికి నక్కల ఇంటిపేర్లలో లేని అక్షరాలు తప్ప అన్నీ వచ్చేశాయి.

అలా ఉండగా ఒక ఉదయం ఏటి మీద పడవ వచ్చింది. దిగినవాడు రోమేశ్వరంగారు. ఎలుగుబంట్ల దేశంలో బెల్లం కొనే పెద్ద వర్తకుడు. తీపిసీమ బెల్లమంతా ఆయన ద్వారానే పోవాలి. ఎలుగుబంట్లు తమ దేశంలో బానిసత్వాన్ని ఎప్పుడో నిషేధించాయి. ఆ విషయం బెల్లం నాకుతూ పదే పదే చెప్పుకునేవి.

"ఒక చిక్కొచ్చింది జంబయ్యగారూ," అన్నాడు రోమేశ్వరం, మూతి తుడుచుకుంటూ. "మా ఊళ్ళో తాయమ్మ అని ఒక ముసలామె ఉంది. ఈ బెల్లంలో ఎద్దుల నెత్తురుంది, నేను తినను అని కూర్చుంది. ఆమెని చూసి ఇంకో పదిమంది మానేశారు. పది నూరైంది. చివరికి మా పంచాయితీ తీర్మానం చేసింది. బానిసలున్న దేశం బెల్లం కొనకూడదట."

జంబయ్య లేచి నిలబడ్డాడు. "అయితే మా బెల్లం?"

"కంగారు పడకండి. మాకు నిజం అక్కర్లేదండీ, బోర్డు చాలు. మా దగ్గర బానిసల్లేరని రాసి మీ గేటు మీద కట్టండి. పంటల నెలలో నేనొచ్చి చూసి వెళ్తాను. తాయమ్మ కూడా వస్తానంటోంది. ఒక్క పూట ఓపిక పట్టండి, అంతే."

"ఓస్, అంతేనా!"

"అంతే. అన్నట్టు, ఆ నుదుట మచ్చ ఉన్న పెయ్య ముద్దుగా ఉంది. ఎవరిది?"

"మీదే అనుకోండి. ఈసారి వచ్చినప్పుడు పడవెక్కిస్తాను" అన్నాడు జంబయ్య.

పెనం దగ్గర ఎర్రమ్మ ఆ మాట విన్నది. చేతిలో గరిటె కదలకుండా ఆగిపోయింది. ఆ రోజు జంబయ్య దొర ఇంటి బెల్లం మొదటిసారి మాడింది. ఆమెకి కొరడా దెబ్బలు పడ్డాయి. ఆమె లెక్కచేయలేదు.

బోర్డు మీద ఏం రాయాలి? ఇరవై నాలుగు ఇళ్ళ నక్కలు జంబయ్య హాల్లో సమావేశమయ్యాయి.

"బానిసలు కారు అంటే సరిపోదు. మరి ఎవరు అని అడుగుతారు. పనివాళ్ళు అని రాద్దాం" అన్నాడు ఒకడు.

"పనివాళ్ళయితే జీతమేదీ అంటారు," అన్నాడు జంబయ్య. "ఆ మాట నోట్లోంచి రానివ్వకు."

"బంధువులని రాద్దాం."

"బంధువులైతే ఆస్తిలో వాటా అడుగుతారు."

"పోనీ, మా పెంపుడు బిడ్డలు అందాం. వినడానికి కూడా బాగుంటుంది."

"రేపు మేమే వారసులం అంటే నీ మేడ ఇస్తావా?"

సమావేశం మూడు రోజులు సాగింది. ఎద్దుని ఏ పేరుతో పిలిచినా ఏదో ఒకటి ఇవ్వాల్సి వస్తోంది. ఆఖరికి బకాచార్యులు గొంతు సవరించుకున్నాడు.

"అతిథులు అనండి. అతిథికి జీతం ఇవ్వం, వాటా ఇవ్వం. నాలుగు మంచి మాటలు చెబితే చాలు. పైగా అతిథిని ఆదరించే దేశమని మీకు పేరొస్తుంది."

నక్కలు ఎగిరి గంతేశాయి. కొంగకి ఆ రోజు రెండు బుట్టల చేపలు వెళ్ళాయి.

బోర్డు తయారైంది. ఎర్ర రంగు అక్షరాలతో గేటు మీదికెక్కింది. ఎద్దులు కింద నిలబడి తలలెత్తి చూశాయి.

"ఏం రాశారు స్వామీ?" అని అడిగింది ఒక ఎద్దు.

"ఇక్కడ పేడ వేయరాదు అని" అన్నాడు బకాచార్యులు, చూపు తిప్పేసుకుని.

ఎర్రమ్మ నీళ్ళ కుండతో అటే వస్తోంది. ఆగలేదు, తల పూర్తిగా ఎత్తలేదు. నడుస్తూనే చదివింది. మర్నాడు ఇంకో రెండు కుండలు అటునుంచే మోసింది. ఒక్క మాటలో ఒత్తు అర్థం కాలేదు. మూడో రోజుకి అదీ తెలిసింది. బోర్డు మీద ఇలా ఉంది: "ఈ సీమలోని ఎద్దులు, ఆవులు మా అతిథులు. ఇష్టమైనప్పుడు వస్తారు. ఇష్టమైనప్పుడు వెళ్తారు."

మిట్టమధ్యాహ్నం గానుగలు ఆపే సమయం. ఎండకి కుక్కలు నాలుకలు చాపి పడుకున్నాయి. పశువుల పాకలో ఎర్రమ్మ ఆ మూడు ముక్కలూ పలికి వినిపించింది.

"నీకు చదువెలా వచ్చింది?" అన్నాడు కోటయ్య భయంగా.

కోటయ్య జంబయ్య దొర బండి లాగే ముసలి ఎద్దు. అందరికంటే పెద్దవాడు. పండగనాడు తవుడు దొరికేది అతనొక్కడికే. దొర తన మూపురం మీద రెండుసార్లు తట్టాడని అందరికీ చెప్పుకునేవాడు.

"ఎలా వస్తే ఏం మామా? వాళ్ళొచ్చిన రోజు, ఆ ఎలుగుబంట్ల ఎదుటే నేను వెళ్ళొస్తానని చెప్తాను. ఇష్టమైనవాళ్ళు నాతో రండి."

"పిచ్చి పట్టిందా? వెళ్ళి ఏం తింటాం? కొండల మీద గడ్డి ఉందో లేదో చూసినవాడు ఇక్కడ ఒక్కడూ లేడు. ఇక్కడైతే మూడు పూటలా..."

"మూడు పూటలా ఏం పెడుతున్నారు మామా? మనం పిండిన చెరకు పిప్పి."

"దొర ఉప్పు తిన్నాం. నేను ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తాను."

ఎర్రమ్మ దారికి అడ్డం నిలబడలేదు. పక్కకి తప్పుకుంది.

"చెప్పు మామా. కానీ వెళ్ళేముందు ఒక్క మాట. నీకు ముగ్గురు కొడుకులు కదా. ఎక్కడున్నారు?"

కోటయ్య నోరు తెరిచాడు. పెద్దవాడు ఏటి అవతల అని విన్నాడు. రెండోవాడిని ఎటు తోలారో ఎవరూ చెప్పలేదు. మూడోవాడి పేరు గుర్తు చేసుకోబోయాడు. నోటికి రాలేదు. పేరు పెట్టేలోపే తీసుకెళ్ళారు. ఆ సంగతి ఆయనకి అప్పుడే తెలిసినట్టుగా అలాగే నిలబడిపోయాడు.

"నాకు చుక్క ఒక్కతే మిగిలింది," అంది ఎర్రమ్మ. "పడవ వస్తే అదీ పోతుంది."

కోటయ్య తిరిగి వెళ్ళి గడ్డి మీద కూలబడ్డాడు. దొర దగ్గరికి వెళ్ళలేదు.

పంటల నెల వచ్చింది. తనిఖీ ముందు రోజు నక్కలకి క్షణం తీరిక లేదు. కాళ్ళు నేల మీద ఆనలేదు. కాడ్లన్నీ పాక వెనక దాచాయి. మెడ మీద పుళ్ళు కనపడకుండా పశువులన్నింటికీ బంతిపూల దండలు వేశాయి. అతిథులన్నాక కూర్చోబెట్టాలి కాబట్టి నులక మంచాలు వేయించాయి. కూర్చోమంటే ఎద్దులు కూర్చున్నాయి. ముప్పై మంచాలు విరిగాయి. ఒక్కో ఎద్దుకీ ఒక్కటే మాట నేర్పారు: "మాకిక్కడ ఏ లోటూ లేదండీ." చుక్కని మాత్రం ముందే తీసుకెళ్ళి జంబయ్య మేడలో వెనక గదిలో కట్టేశారు, పడవకి సిద్ధంగా.

పొద్దెక్కేసరికి పడవ వచ్చింది. రోమేశ్వరం ముందు, చేతికర్రతో తాయమ్మ వెనక. జంబయ్య ఎదురెళ్ళి పన్నీరు చల్లాడు. నక్కలన్నీ చెరకు కత్తులు పట్టుకుని అప్పుడే తోటలోంచి వచ్చినట్టు వగరుస్తున్నాయి. అందులో సగం కత్తులు తిరగేసి పట్టుకున్నాయి.

"బెల్లం ఎవరు చేస్తారు?" అంది తాయమ్మ.

"మేమేనమ్మా. చూడండి, చేతులు ఎలా కాయలు కాశాయో" అన్నాడు జంబయ్య, మెత్తటి అరచేతులు వీపు వెనక్కి పెట్టుకుంటూ.

"వీళ్ళు?"

"మా అతిథులు. బోర్డు చూశారుగా. వచ్చి ఉంటారు, తింటారు, కబుర్లు చెప్పుకుంటారు."

తాయమ్మ కోటయ్య వైపు తిరిగింది. "ఏం పెద్దాయనా, ఎలా ఉంది ఇక్కడ?"

కోటయ్య దొర వైపు చూశాడు. "మాకిక్కడ ఏ లోటూ లేదండీ" అన్నాడు. ఆ మాట అంటుంటే ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారాయి. రోమేశ్వరం వెంటనే, "ఆనందబాష్పాలు" అన్నాడు.

అప్పుడు ఎర్రమ్మ ముందుకొచ్చింది.

"జంబయ్యగారూ," అంది.

దొరకి ఒళ్ళు జలదరించింది. పుట్టి బుద్ధెరిగాక ఏ పశువూ తనని "దొరా" అనకుండా పిలవడం అదే మొదలు.

"ఇన్నాళ్ళూ మీరు చూపించిన ఆదరణ మరిచిపోలేం. మర్యాదలో ఏ లోపమూ చేయలేదు. ఇంక మేం బయలుదేరతాం. సెలవు ఇప్పించండి."

ఇరవై నాలుగు ఇళ్ళ నక్కలూ ఒకేసారి జంబయ్య మొహం చూశాయి. జంబయ్య కొరడా కోసం నడుం తడుముకున్నాడు. తాయమ్మ తననే చూస్తోంది. చేతిని అలాగే తిప్పి పొట్ట గోక్కున్నాడు.

"అదేమిటి, అప్పుడే! ఇంకో రెండ్రోజులు ఉండి వెళ్ళండి ఎర్ర... ఎర్రమ్మగారూ" అన్నాడు పళ్ళు బిగబట్టి.

"లేదండీ, వచ్చి నూట పాతికేళ్ళయింది. ఒకరింట్లో ఇంతకంటే ఎక్కువ రోజులుంటే బాగోదు."

"ఎండగా ఉంది. చల్లబడ్డాక..."

"అతిథులు వెళ్తామంటుంటే పట్టుకు లాగుతావేంటయ్యా?" అంది తాయమ్మ. "ఇష్టమైనప్పుడు వెళ్తారని నువ్వే కదా రాసి పెట్టావు? లేక ఆ బోర్డు అబద్ధమా?"

రోమేశ్వరం జంబయ్య చెవిలో గొణిగాడు. "కాదంటే బెల్లం ఒక్క దిమ్మ కూడా పడవెక్కదు. వెళ్ళనివ్వండి. ఆమె వెళ్ళాక పట్టుకొచ్చుకుందురుగాని."

ఆ మాట జంబయ్యకి నచ్చింది. మొహం విప్పారింది. "అయ్యో, నిరభ్యంతరంగా! శుభం!" అన్నాడు.

"ఇంకొక్క మాట," అంది ఎర్రమ్మ. "మా చుక్క మీ ఇంట్లో వెనక గదిలో ఆడుకుంటోంది. కొంచెం పిలిపిస్తారా? తనని వదిలి వెళ్ళలేను."

ఇప్పుడు రోమేశ్వరం మొహం వాడిపోయింది. పెయ్య తనదని పడవలో గడ్డి కూడా పరిపించి వచ్చాడు. నోరు తెరిచాడు. తాయమ్మ అతని వైపు తిరిగింది.

"ఆ పెయ్య సంగతి నీకేమైనా తెలుసా రోమేశ్వరం?"

"నాకా? నాకేం తెలుసు? అతిథుల బిడ్డ తల్లితోనే వెళ్తుంది. సహజం కదా" అన్నాడు, ఏటి వైపు చూస్తూ.

జంబయ్య చేసేదేమీ లేక సైగ చేశాడు. వెనక గది తలుపు తెరుచుకుంది. చుక్క బయటికొచ్చి వెలుతురుకి కళ్ళు చికిలించింది. తల్లి కనపడగానే పరుగెత్తుకొచ్చి ఆమె కడుపు కింద దూరింది. ఎర్రమ్మ దాని నుదురు నాకింది. అంతవరకూ బిగపట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.

గేటు దగ్గర గండయ్య అడ్డంగా నిలబడి పళ్ళు చూపించాడు. అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు.

"ఎవరితను?" అంది తాయమ్మ.

"అతనా? అతిథుల్ని సాగనంపేవాడు," అన్నాడు జంబయ్య. "గండయ్యా! వంగి నమస్కారం పెట్టు!"

గండయ్య నమ్మలేనట్టు చూశాడు. తర్వాత గేటు బార్లా తీసి వంగాడు. ముందు ఎర్రమ్మ, చుక్క. గేటు దాటుతూ ఎర్రమ్మ ఆగి, మెడలోని దండ తీసి గేటు చువ్వకి తగిలించింది. దండ కింద మెడ మీద అరచేయంత పుండు, నెత్తురోడుతూ ఉంది. ఆమె వెనకొచ్చిన ఎద్దు కూడా దండ తీసి తగిలించింది. దాని వెనక ఇంకోటి. తాయమ్మ ఒక్కో మెడా చూస్తూ నిలబడింది. మూడు వందల పన్నెండు మెడలు. గండయ్య మూడు వందల పన్నెండు సార్లు వంగాడు.

కోటయ్య చివరివాడు. గేటు దగ్గర ఆగాడు. వెనక్కి తిరిగి మేడని చూశాడు, దొరని చూశాడు. "వస్తాను" అనబోయి, "వెళ్తాను" అని వెళ్ళిపోయాడు.

తాయమ్మ ఎర్రమ్మని దారిలో కలుసుకుంది. "మా దేశానికి రండమ్మా. మేం బాగా చూసుకుంటాం."

"వద్దమ్మా," అంది ఎర్రమ్మ. "ఒకరు మమ్మల్ని బాగా చూసుకున్నారుగా. ఇంక చాలు. కానీ ఒక్క సాయం చేయి. మేం కొండెక్కేదాకా ఆ గేటు దగ్గరే కూర్చో."

తాయమ్మ గేటు మధ్యలో చతికిలబడి, కర్ర ఒళ్ళో పెట్టుకుని, నాలుగు రోజులు కూర్చుంది. నక్కలు ఆమెకి పూట పూటకీ భోజనం పెట్టి, "ఎప్పుడు బయలుదేరతారమ్మా?" అని అడిగాయి. అయిదో రోజు పొద్దున ఆమె లేచి వెళ్ళేసరికి మంద కొండల మీద ఎక్కడుందో కుక్కల ముక్కులకి కూడా అందలేదు.

కొండల మీద వాళ్ళ కోసం ఎవరూ పచ్చిక పరిచి ఉంచలేదు. మొదటి ఏడు రాళ్ళు ఏరడంతోనే సరిపోయింది. చలికి ముసలివాళ్ళు ఆరుగురు పోయారు. అందులో కోటయ్య ఒకడు. పోయేముందు తవుడు అడిగాడు. తవుడు లేదు. చుక్క తెచ్చిన పచ్చగడ్డి పరక నమిలి, "తియ్యగా ఉందే" అన్నాడు. వెనక్కి వెళ్దామని మాత్రం ఒక్కరూ అనలేదు.

ఇక తీపిసీమలో చెరకు కోతకొచ్చి నిలబడింది. గానుగ తిప్పేవాళ్ళు లేరు. జంబయ్య గండయ్యని పిలిచాడు.

"ఏరా, మీ కుక్కల్ని గానుగకి కట్టు."

గండయ్య వెనక్కి జరిగాడు. "మేమా? దొరగారూ, మేం ఎద్దులమా? ఆకలితో చస్తాం గాని ఆ పని ముట్టం. మీరే కదా అన్నారు, మా జాతి వేరని!"

గాడిద వీరన్నకి కబురు పెట్టారు. కూలి ఎంత అని అడిగాడు. ఆ పదం వినగానే నక్కల సమావేశం మళ్ళీ మూడు రోజులు సాగి, ఏమీ తేలకుండా ముగిసింది. ఈలోగా వీరన్న, కొండల మీద పని చేసినవాడికి గడ్డిలో వాటా ఇస్తున్నారని విని అటు వెళ్ళిపోయాడు. బకాచార్యుల్ని పెనం దగ్గర నిలబడమంటే, "నాది ప్రవచనం చెప్పే ముక్కు, పాకం చూసే ముక్కు కాదు" అన్నాడు. నక్కల పిల్లలకైతే చెరకు ముక్క ఏ కొస పాతాలో కూడా తెలియదు.

రోమేశ్వరం పడవ వచ్చింది. ఖాళీ మంచాలు చూసి, చేసేదేమీ లేక జంబయ్య భుజం తట్టాడు. "ఏమనుకోకండి. దక్షిణాన ఇంకో దేశం దొరికింది. అక్కడ గాడిదలున్నాయి. బోర్డు మీద 'మా ఆప్తమిత్రులు' అని రాయించాం" అని చెప్పి వెళ్ళిపోయాడు.

తిండికి కటకట మొదలైంది. ఒక ఉదయం జంబయ్య భార్య పిల్లల్ని చూపించి ఏడ్చింది. జంబయ్య అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకుని, గానుగ దూలం భుజానికెత్తుకున్నాడు. పది అడుగులకే కళ్ళు తిరిగాయి. పడ్డాడు, లేచాడు. పొద్దు వాలేసరికి చెంబెడు రసం వచ్చింది. భుజం తోలు లేచిపోయింది. ఆ రసం పెనంలో పోసి కాచాడు. అది మాడి నల్లటి తారులా అంటుకుపోయింది. దాన్నే గోకి పిల్లలకి పెట్టాడు.

దూలం కింద ఉన్న దొరని గండయ్య చూశాడు. ఊరంతా చెప్పాడు.

మర్నాడు సమావేశానికి వెళ్తే జంబయ్య పీట ఖాళీగా లేదు. ఇంకో నక్క కూర్చుని ఉంది. బకాచార్యులు ఒంటికాలి మీద నిలబడి అందరి ఎదుటా తీర్పు చెప్పాడు.

"శాస్త్రం స్పష్టంగా ఉంది. పని చేసేవాడిలో ఎద్దు గుణం ఉంటుంది. జంబయ్య గానుగ తిప్పాడు. కనుక జంబయ్య నక్కల పంక్తిలో కూర్చోరాదు."

"అయ్యా, ఆకలేసి చేశానండీ! పిల్లల కోసం!" అన్నాడు జంబయ్య.

"ఎద్దులు కూడా ఆ మాటే అనేవి" అన్నాడు కొంగ. అనేశాక తనేం అన్నాడో అతనికే అర్థమై, దగ్గి, మాట మార్చాడు.

"పైగా," అంది కొత్తగా పీటెక్కిన నక్క, "నీకు పని వచ్చు కాబట్టి ఇక మా చెరకు కూడా నువ్వే ఆడించు. ఊరికే వద్దులే. మిగిలిన పిప్పి నువ్వే తీసుకో."

గండయ్య గేటు మూసేశాడు. లోపల జంబయ్య, ఇరవై నాలుగు గానుగలు. నీడన పడుకున్న కుక్కలు, పక్కటెముకలు ఎగిరిపడుతుండగా, అతన్ని చూసి నవ్వుకున్నాయి: "మనం ఇంకా నయం. వాడిలా ఎద్దులం కాదు."

నీతి: పని చేయడం నామోషీ అని ఊరంతటికీ నేర్పినవాడికి, ఆకలేసిన రోజున ఆ ఊళ్ళో చోటుండదు.